ఆర్‌పీజీలో ధర్మసంకటాన్ని నిర్మించడం ఎలా: పర్యవసానం నుంచి ఎంపిక వైపు నడిచే సమగ్ర మార్గదర్శి

రోల్ ప్లేయింగ్ గేములకు (ఆర్‌పీజీలకు) కథ రాయడం మొదలుపెట్టినవారిలో చాలామంది ముందుగా ఎంపికనే రాస్తారు. ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట, రెండింటికీ చెరొక బటన్ పెట్టేసి, తర్వాత ఏం జరగాలో గేము చివరికి వచ్చాక చూసుకుందామనుకుంటారు. ఈ వరుసను తిరగవేయాలి. ఆడేవారి మనసులో నిలిచేది తాము నొక్కిన బటన్ కాదు, ఆ బటన్ వల్ల ఎవరి బతుకు ఎటు తిరిగిందన్నది. కాబట్టి పర్యవసానాన్ని ముందు రాసి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ ఎంపికను చేరుకోవాలి. ట్వైన్ వంటి ఉచిత పరికరంతో ఒంటరిగా గేము రాసుకునేవారికి, చిన్న బృందంలో కథా బాధ్యత చూసేవారికి పనికొచ్చేలా ఒక క్వెస్ట్‌ను, అంటే ఆటగాడి ముందుంచే ఒక చిన్న కథా ఘట్టాన్ని, ఇక్కడ మొదటి నుంచి కట్టి చూపుతాను. దారిలో కొన్ని ప్రసిద్ధ గేముల కథల్లోని మలుపులు బయటపడతాయి. అవి ఇంకా ఆడనివారు ఈ సంగతి గమనించగలరు.

మొదటి మెట్టు: మంచితనానికి మార్కులు వేయడం మానండి

2003లో బయోవేర్ సంస్థ తెచ్చిన స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌లో వెలుగు, చీకటి అనే రెండు పక్షాల మధ్య ఒక కొలమానం ఉంటుంది. 2004లో వచ్చిన ఫేబుల్‌లో మంచి పనులు చేస్తే తల చుట్టూ కాంతివలయం, చెడ్డ పనులు చేస్తే నెత్తిన కొమ్ములు వస్తాయి. 2007 నాటి మాస్ ఎఫెక్ట్‌లో పారగన్ (ఉదాత్తుడు), రెనెగేడ్ (కరకువాడు) అనే రెండు పట్టీలున్నాయి. చూడటానికి ఆకర్షణీయంగా ఉన్నా, ఈ పద్ధతి ఆడేవారి ఆలోచనను క్రమంగా ఆపేస్తుంది. మాస్ ఎఫెక్ట్ 2లో కొన్ని బలమైన సంభాషణలు ఒక పక్షంలో చాలినంత పేరు సంపాదించినవారికే తెరుచుకుంటాయి. అందువల్ల ఎదుట నిలబడ్డ మనిషి ఎవరు, అతని కష్టమేమిటి అని చూడకుండా, ముందుగానే ఎంచుకున్న పక్షంలోని జవాబునే నొక్కుకుంటూ పోవడం లాభసాటి అవుతుంది. ధర్మసంకటం కాస్తా లెక్కల వ్యవహారంగా మారిపోతుంది.

అంతకు చాలా ముందే, 1985లో, రిచర్డ్ గారియట్ రూపొందించిన అల్టిమా IV ఇంతకన్నా లోతుగా ఆలోచించింది. అందులో నిజాయితీ, కరుణ, శౌర్యం, న్యాయం వంటి ఎనిమిది సుగుణాలను గేము లోలోపల లెక్కిస్తుంది గానీ, ఆ అంకెలను తెరమీద చూపదు. మంత్రాలకు కావలసిన దినుసులు అమ్మే దుకాణదారు అంధురాలు. ఆమె ధర చెబుతుంది; ఎన్ని నాణేలు ఇస్తున్నారో ఆటగాడే టైపు చేయాలి. తక్కువ ఇచ్చినా ఆ క్షణంలో ఎవరూ పట్టుకోరు, సరుకు చేతికి వస్తుంది. నిజాయితీ మాత్రం కనబడకుండా తగ్గుతూ పోతుంది. ఆ సంగతి ఆటగాడికి చాలా ఆలస్యంగా, రాజుగారి కోటలోని ద్రష్టను అడిగినప్పుడు తెలుస్తుంది. ఎవరూ చూడని చోట మనిషి ఏం చేస్తాడన్న ప్రశ్నను ఇంత చిన్న ఏర్పాటుతో అడిగిన గేము మరొకటి నాకు తెలియదు.

మీ గేములో అంకె ఏదైనా ఉంచదలచుకుంటే, మంచితనం ఎంత అన్నది కాకుండా, ఎవరికి ఏం తెలిసింది, వారు ఏమనుకుంటున్నారు అన్నది లెక్కపెట్టండి. 2010 నాటి ఫాల్అవుట్: న్యూ వేగస్‌లో ఒక్కో ఊరికీ ఒక్కో వర్గానికీ ఆటగాడిపై విడివిడిగా అభిప్రాయం ఉంటుంది. చేసిన మేలు, చేసిన కీడు ఒకదాన్నొకటి కొట్టివేయవు. రెండూ పక్కపక్కనే నిలిచి ఉంటాయి. మనుషుల మధ్య పేరు ప్రతిష్ఠలు నిలిచేది ఇలాగే.

రెండో మెట్టు: రెండు వైపులా పోగొట్టుకునేది ఉండాలి

2007లో వచ్చిన బయోషాక్‌లో చిన్నారులను బలిచ్చి శక్తిని పిండుకోవచ్చు, లేదా వారిని కాపాడవచ్చు. బలిచ్చిన ఒక్కొక్క పాపకు ఆడమ్ అనే శక్తినిచ్చే పదార్థం 160 యూనిట్లు దొరుకుతుంది, కాపాడితే 80 మాత్రమే. ఇంతవరకు ఏర్పాటు బాగానే ఉంది. కానీ ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ కానుకగా మరో 200 యూనిట్లు వచ్చి చేరతాయి. దాంతో మంచివాడిగా ఉన్నందుకు పోయేదేమీ లేదని ఆటగాడికి త్వరలోనే అర్థమవుతుంది. త్యాగానికి పరిహారం చెల్లించిన మరుక్షణం అది త్యాగం కాకుండా పోతుంది.

2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో రెడ్‌క్లిఫ్ ఘట్టానిది మరో రకమైన లోపం. భూతం పట్టిన పిల్లవాడిని చంపాలా, లేక అతణ్ణి కాపాడేందుకు తల్లిని రక్తమంత్రానికి బలిపెట్టాలా అన్న ప్రశ్న ఊపిరి బిగబట్టేలా ఉంటుంది. అయితే మాంత్రికుల మండలి సాయం తెచ్చుకునే మూడో దారి ఉంది. ఆ దారిలో ఇద్దరూ బతుకుతారు, దూరం వెళ్లి వచ్చేలోపు ఊరికీ ఏ హానీ జరగదు. మూడో దారి పెట్టడంలో తప్పు లేదు. దానికి వెల లేకపోవడమే తప్పు. మాంత్రికుల కోసం వెళ్లి వచ్చేసరికి కోటలో మరికొన్ని ప్రాణాలు పోయి ఉంటే, అది మూడు ఎంపికల్లోనూ అత్యంత కఠినమైనదయ్యేది.

ఇక మన ఉదాహరణకు వద్దాం. తెలంగాణ పల్లెల్లోని గొలుసుకట్టు చెరువులను తీసుకుందాం. ఆటగాడు ఎగువ ఊరి నీరటి. చెరువు తూము తాళం అతని చేతిలో ఉంటుంది. కాలం కలిసిరాని ఏడు అది. చెరువులో మిగిలింది ఒక్క తడికి సరిపడే నీరు. ఎగువ ఆయకట్టులో వరి పొట్ట దశకు వచ్చింది. దిగువ ఊరి చెరువు పూర్తిగా ఎండిపోయింది, గొడ్లకు తాగునీరు లేదు. ఆ ఊరికి కోడలిగా వెళ్లిన అక్క ఒక రాత్రి కట్టమీదికి వచ్చి, "తమ్మీ, గొడ్లు రెండు దినాలసంది నోరెండి పడున్నయి. తాళం నీ చేతులనే ఉన్నది గదా" అంటుంది. అంతకుముందు అదే రోజు పొద్దున కౌలు రైతు ఒకాయన మడి గట్టున నిలబడి, "పొట్టకచ్చిన వరి బిడ్డా. ఈ ఒక్క తడి అందకుంటే తాలు తప్ప గింజ రాదు" అని చెప్పి ఉంటాడు.

ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు, ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. ఒకరిని ముసుగు దొంగగానో పిసినారి ఆసామిగానో చిత్రిస్తే ఎంపిక సులువైపోతుంది, క్వెస్ట్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. నీటిని చెరి సగం చేద్దామన్న ఆలోచన ఆటగాడికి తప్పకుండా వస్తుంది కాబట్టి ఆ దారి కూడా తెరిచి ఉంచండి. సగం తడితో చెరువు దగ్గరి మడులు పండుతాయి, చివరి మడులు తాలుపోతాయి. చివరి మడులు ఆ కౌలు రైతువే. దిగువ చెరువులో చేరిన నీరు నెల తిరిగేలోపు అడుగంటుతుంది. రాజీకి కూడా వెల ఉందని ఇక్కడ తెలియాలి.

మూడో మెట్టు: పర్యవసానాలను మూడు కాలాల్లో రాయండి

ఈ మార్గదర్శిలో ఎక్కువ శ్రమ కోరేది ఇదే. ఎంపిక సన్నివేశంలో ఒక్క డైలాగు కూడా ముట్టుకోకముందే, ఒక్కో దారికీ వెంటనే జరిగేది, కొంతకాలానికి జరిగేది, ఆటగాడు మరచిపోయాక ఎదురయ్యేది అని మూడు పర్యవసానాలు రాసుకోండి.

నీరు దిగువకు వదిలితే, వెంటనే కనబడేది సంతోషం. గొడ్లు నీళ్లు తాగుతాయి, అక్క ముఖం తేటపడుతుంది. కోతల కాలంలో రెండోది బయటపడుతుంది: కౌలు రైతు కళ్లంలో తూర్పారబట్టేందుకు గింజ లేదు, కౌలు కట్టలేక భూమి వదులుకుంటాడు. మూడోది మరుసటి ఏడాది వర్షాకాలంలో వస్తుంది. కుండపోత వానకు ఎగువ చెరువు కట్టకు గండి పడుతుంది. ఆ రాత్రి దిగువ ఊరి జనం ఇసుక సంచులు నెత్తిన పెట్టుకొని వస్తారు. కానీ ఎగువ ఊళ్లో కొందరు ఆటగాడి పక్కన నిలబడటానికి ఇష్టపడరు, తాళం అప్పటికే మరొకరి చేతిలో ఉంటుంది.

నీరు వరికి పెడితే, పంట చేతికొస్తుంది, నీరటి వాటాగా గింజలు ఇంటికి చేరతాయి. కొన్నాళ్ల తర్వాత అంగడిలో ఆటగాడికి అక్క ఇంటి ఎద్దుల జత అమ్మకానికి కట్టేసి కనబడుతుంది. అవి ఆ ఇంటివేనని గుర్తుపట్టడానికి, మొదటి అధ్యాయంలోనే ఒకదానికి విరిగిన కొమ్ము, మెడలో ఎర్రదారంతో కట్టిన గంట ఉన్నట్టు చూపి ఉండాలి. అంగడిలో ఎవరూ ఏమీ వివరించరు. గంట చప్పుడు వినబడితే చాలు. ఆ తర్వాత అక్క కుటుంబం వలస పోతుంది. మరుసటి ఏడాది అదే వాన, అదే గండి. దిగువ నుంచి ఎవరూ రారు.

పర్యవసానం ఎప్పుడూ ఆటగాడికి ముఖపరిచయం ఉన్న మనిషి మీదుగానే రావాలి. "దిగువ ఊళ్లో కరువు పెరిగింది" అని ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటే ఎవరి గుండె కదలదు. 2023లో లేరియన్ తెచ్చిన బాల్డూర్స్ గేట్ 3లో శరణార్థులు తలదాచుకున్న వనంపై దాడికి ఆటగాడు చేయి కలిపితే, విల్, కార్లాక్ అనే ఇద్దరు సహచరులు అతణ్ణి విడిచిపోతారు. వారితో ముడిపడిన కథలన్నీ ఆ ఆటలో ఇక దొరకవు. దుర్మార్గానికి గేము శిక్షగా ఏ ఉపన్యాసమూ ఇవ్వదు. మనుషులు వెళ్లిపోతారు, అంతే.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక గొప్ప సౌకర్యం ఉంది. బంధం తెగిందనో బిగిసిందనో చెప్పడానికి పిలుపు ఒక్కటి మారితే చాలు. "బిడ్డా" అన్న కౌలు రైతు కోతల తర్వాత "నీరటోడా" అంటే, లేదా ఆప్యాయంగా నువ్వు అనే అక్క అందరి ముందూ పట్టిపట్టి మీరు అంటే, ఆ సన్నివేశానికి ఇంకే వివరణా అక్కర్లేదు. "ఈ పాత్ర దీన్ని గుర్తుంచుకుంటుంది" అని తెర మూలన చూపే పద్ధతిని 2012 నాటి ది వాకింగ్ డెడ్ బాగా ప్రచారంలోకి తెచ్చింది గానీ, పిలుపుతో పని జరిగే భాషలో ఆ సూచన అవసరం లేదన్నది నా అభిప్రాయం.

నాలుగో మెట్టు: ఆలస్యం ఉండాలి, మోసం ఉండకూడదు

పర్యవసానం ఆలస్యంగా రావడానికి ఆచరణలో ఒక గట్టి కారణం ఉంది. ఫలితం వెంటనే కనబడితే, నచ్చనివారు పాత సేవ్ ఫైలు లోడ్ చేసి రెండో బటన్ నొక్కుతారు. 2007లో సీడీ ప్రాజెక్ట్ రెడ్ తెచ్చిన మొదటి ది విచర్‌లో, తొలి అధ్యాయంలో నది ఒడ్డున ఆయుధాల పెట్టెలను తిరుగుబాటుదారులు తీసుకుపోనిస్తే, వాటి ఫలితంగా తర్వాతి అధ్యాయంలో ఒక మనిషి హత్యకు గురవుతాడు. అది తెలిసేసరికి ఆటగాడు గంటల తరబడి ముందుకు వచ్చేసి ఉంటాడు. వెనక్కి వెళ్లడం సాధ్యమే అయినా, అంత ఆటను వదులుకోవడానికి మనసొప్పదు. 2015లో టోబీ ఫాక్స్ చేసిన అండర్‌టేల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆటగాణ్ణి మొదట్లో ఆదరించిన టోరియెల్ అనే పాత్రను చంపి, బాధపడి, పాత సేవ్ నుంచి మళ్లీ ఆడి బతికించినా, ఫ్లవీ అనే పాత్ర ఆ సంగతి పసిగట్టి ఎత్తిపొడుస్తుంది. లోడ్ చేయడం కూడా ఒక చర్యే, దానికీ సాక్షి ఉన్నాడు.

అయితే ఆలస్యానికి, అన్యాయానికి మధ్య గీత సన్ననిది. ఆటగాడికి కార్యకారణ సంబంధం తర్వాతైనా దొరకాలి. 2015 నాటి ది విచర్ 3లో వెలెన్ ప్రాంతంలోని గుసగుసల గుట్ట ఘట్టాన్ని ఇందుకు శ్రద్ధగా చదవాలి. చెట్టు వేళ్లలో బందీగా ఉన్న ఒక ఆత్మ, తనను విడిపిస్తే చిత్తడినేలలో మంత్రగత్తెల చెరలో ఉన్న పిల్లలను కాపాడతానంటుంది. విడిపిస్తే మాట నిలబెట్టుకుంటుంది, కానీ డౌన్‌వారెన్ అనే ఊరిని ఊచకోత కోస్తుంది. పిల్లలు తప్పించుకున్నందుకు మంత్రగత్తెలు, అక్కడ ఆ పిల్లలను చూసుకుంటున్న అన్నాను శపిస్తారు. ఆమె ఆ ప్రాంతాన్ని ఏలే బేరన్ భార్య; శాపం తొలగిన వెంటనే ఆమె ప్రాణం పోతుంది, బేరన్ ఉరి వేసుకుంటాడు. ఆత్మను చంపితే అన్నా మతి చలించినా ప్రాణాలతో ఉంటుంది, పిల్లలు మాత్రం కనబడకుండా పోతారు.

ఇది దగాగా అనిపించకపోవడానికి కారణం, ఆ ఆత్మ ప్రమాదకరమైనదని ఊరివారు ముందే చెప్పి ఉండటం, మంత్రగత్తెల క్రూరత్వం ఆటగాడికి ముందే తెలిసి ఉండటం. తెలిసిన విషయాలతో ఊహించగలిగినంత ఊహించి, మిగిలిన చీకట్లోకి మనమే అడుగు వేశాం. నా సలహా ఇది: ప్రతి పెద్ద పర్యవసానానికీ ఎంపికకు ముందే కనీసం రెండు చోట్ల సూచన పెట్టండి. ఒకటి ఎవరైనా మాటల్లో చెప్పాలి, రెండోది కంటికి కనబడాలి. మన క్వెస్ట్‌లో కట్టకు పడ్డ చిన్న చెమ్మ మరకను మొదటి అధ్యాయంలోనే చూపించాలి. పాత నీరటి ఒకాయన "ఈ కట్ట మన ఊరోళ్ల చేతులతోనే నిలిచేది కాదు" అని ఒకసారి అనాలి.

ది విచర్ 3లోనే పెద్ద ఎంపికలకన్నా నాకు ఎక్కువ నచ్చినది, కథానాయకుడు బిడ్డలా పెంచిన సిరి విషయంలో తీసుకున్న జాగ్రత్త. ఆత్మీయుణ్ణి కోల్పోయి కుంగిపోయిన సిరికి మద్యం ఇచ్చి ఓదార్చాలా, బయటికి తీసుకెళ్లి మంచుముద్దలతో ఆడించాలా అన్నది ఆ క్షణంలో ధర్మసంకటంలాగే ఉండదు. ఇలాంటి చిన్నచిన్న ఘడియలు కొన్ని కలిసి, చివరికి ఆమె బతుకుతుందా లేదా అన్నది తేలుస్తాయి. పెంచినవాడు బిడ్డను నమ్మాడా, గుప్పిట్లో పెట్టుకున్నాడా అన్నదే అక్కడి అసలు ప్రశ్న. అందుకే ఆ ముగింపు సబబుగా అనిపిస్తుంది.

అయిదో మెట్టు: కొమ్మలు విస్తరించకుండా లెక్క పెట్టుకోండి

రెండేసి దారులున్న పది ఎంపికలు పూర్తిగా విడిపోతే 1,024 కథలు రాయాలి. ఎవరి తరమూ కాదు. కాబట్టి సంఘటనలను ఉమ్మడిగా ఉంచి, వాటిలో పాల్గొనే మనుషులను మార్చండి. పైన గండి పడ్డ రాత్రి అన్ని దారుల్లోనూ వస్తుంది. వాన అదే, కట్ట అదే. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఏ పిలుపుతో పిలిచారు అన్నవే మారతాయి. ఒక్క సన్నివేశం రాస్తే మూడు దారులకూ సరిపోతుంది, ఆటగాడికి మాత్రం అది తన సొంత రాత్రిగా ఉంటుంది.

ఇందుకు ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోండి: వేరియబుల్ (ఆటగాడి నిర్ణయాన్ని గేము గుర్తుపెట్టుకునే గుర్తు) పేరు, అది ఎక్కడ మారుతుంది, ఎక్కడెక్కడ చదవబడుతుంది. మూడో గడి ఖాళీగా ఉన్న వేరియబుల్ ఏదైనా ఉంటే, ఆ ఎంపికకు పర్యవసానం లేదన్నమాట. దాన్ని తీసేయండి లేదా వాడుకోండి. చివరిదాకా మోసుకెళ్లిన ఎంపికలు ముగింపులో కనబడకపోతే ఆడేవారి ఆగ్రహం ఎలా ఉంటుందో 2012లో మాస్ ఎఫెక్ట్ 3 చూపింది. మూడు గేముల పాటు కూడబెట్టుకున్న నిర్ణయాలు చివర్లో దాదాపు ఒకేలా కనిపించే మూడు దారులుగా ముగియడంతో తీవ్ర నిరసన వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే బయోవేర్ ముగింపును విస్తరించి ఉచితంగా విడుదల చేయవలసి వచ్చింది. 1997 నాటి మొదటి ఫాల్అవుట్ ఇదే పనిని చాలా తక్కువ ఖర్చుతో చేసింది: ఆట ముగిశాక ఆటగాడు తిరిగిన ఒక్కో ఊరూ ఏమైందో ఒక్కో బొమ్మ, నాలుగు వాక్యాలతో చెబుతుంది. చిన్న బృందాలకు ఇప్పటికీ ఇంతకుమించిన మార్గం లేదు.

ఆరో మెట్టు: ఇప్పుడు ఎంపికను రాయండి

బటన్ మీద ఉన్న మాట, పాత్ర చేసే పని ఒకటే కావాలి. 2015 నాటి ఫాల్అవుట్ 4లో రెండు మూడు పదాల సంక్షిప్తాన్ని చూసి ఎంచుకుంటే, పాత్ర నోట అనుకోని మాట వచ్చేదని ఆడినవారు విమర్శించారు. మన క్వెస్ట్‌లో "దయ చూపు", "కఠినంగా ఉండు" అని రాయకండి, అవి తీర్పులు. "తూము తెరిచి నీళ్లను దిగువ కాలువకు మళ్లించు", "తాళం మొలలో దోపుకొని ఇంటికి వెళ్లు" అని చేతలుగా రాయండి. తీర్పు చెప్పే పని ఆడేవారికి వదిలేయాలి. ఏ ఎంపికను ముందు పెట్టాలన్నదీ చూసుకోవాలి; ప్రతిసారీ మంచిపని పైన ఉంటే, చదవకుండానే నొక్కడం అలవాటవుతుంది.

ఆటగాడు స్త్రీ పాత్రనూ ఎంచుకోగలిగితే, తెలుగు క్రియలు లింగాన్ని బట్టి మారతాయని ముందే లెక్కలోకి తీసుకోండి. ఇతరులు ఆమె గురించి మాట్లాడే ప్రతిచోటా వచ్చాడు, వచ్చింది అన్న తేడాకు, తమ్మీ, చెల్లె అన్న పిలుపుకు విడివిడిగా వేరియబుల్ ఉండాలి. చివర్లో సరిచేద్దామనుకుంటే వందల వాక్యాలు తిరగరాయాల్సి వస్తుంది.

పరికరం విషయానికొస్తే, ట్వైన్‌తో తయారయ్యేది బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ కాబట్టి తెలుగు అక్షరాలు సరిగానే పడతాయి. గేములు తయారుచేసే మరో పరికరం గోడో 4 కూడా ఒత్తులు, గుణింతాలు చెదరకుండా చూపగలదు. అలాంటిదే అయిన యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్ వ్యవస్థ మన సంయుక్తాక్షరాలను విడగొట్టేస్తుంది, అదనపు ఏర్పాటు లేకుండా దాన్ని నమ్ముకోవద్దు. బటన్లకు ఇంగ్లిష్‌కు పెట్టినదానికన్నా ఎక్కువ ఎత్తు, వెడల్పు ఇవ్వండి. ఒత్తులు తెగిపోయిన ఎంపికను ఎవరూ మనసు పెట్టి చదవరు.

ఏడో మెట్టు: ఆడించి చూడండి

క్వెస్ట్ పూర్తయ్యాక, దాని గురించి ఏమీ తెలియని కొందరితో ఆడించండి. మీరు పక్కనే కూర్చోండి, నోరు విప్పకండి. ఎంపిక దగ్గర వారు ఎంతసేపు ఆగారో చూడండి. ఆగకుండా నొక్కితే ఒక వైపు పోగొట్టుకునేది ఏదో చాలలేదు. అంగడిలో గంట చప్పుడు దగ్గర వారు ఏమీ పట్టించుకోకుండా దాటిపోతే, మొదటి అధ్యాయంలో ఎద్దులను మీరు సరిగా చూపలేదని అర్థం. దిద్దవలసింది అంగడి సన్నివేశాన్ని కాదు, దానికి ఎంతో ముందున్నదాన్ని. ఆట అయ్యాక "నచ్చిందా" అని అడగకండి. ఆ కౌలు రైతుకు ఏమైంది, ఎందుకలా అయింది అని అడగండి. కారణాన్ని సొంత మాటల్లో చెప్పగలిగితే మీ సూచనలు పనిచేసినట్టే. "ఏమో, గేము అలా రాశారు" అంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

అందరూ ఒకే దారి ఎంచుకుంటుంటే రెండో దారికి లాభాన్ని కలపబోకండి. అవతలి మనిషిని ఆటగాడికి మరికాస్త ముందుగా, మరికాస్త దగ్గరగా పరిచయం చేయండి. కౌలు రైతుతో పొద్దున్నే కలిసి చద్దన్నం తిన్న సన్నివేశం ఒకటి చేర్చి, మళ్లీ ఆడించి, తూము దగ్గర చేయి ఆగుతుందేమో చూడండి.